పథేర్ పాంచాలీ (సినిమా)

పథేర్ పాంచాలీ 1955లో విడుదలైన బెంగాలీ సినిమా. విభూతిభూషణ్ బందోపాధ్యాయ అదే పేరుతో రచించిన నవల ఈ చిత్రానికి మూలం. దర్శకుడిగా సత్యజిత్ రాయ్‌కు ఇది మొదటి చిత్రం. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం దీనికి నిర్మాత. రవిశంకర్ సంగీతాన్ని, సుబ్రత మిత్ర ఛాయాగ్రహణాన్ని, బన్సీ చంద్రగుప్త కళాదర్శకత్వాన్ని, దులాల్ దత్తా కూర్పును నిర్వహించారు.

బెంగాలీలు ఇంటిల్లిపాదీ చదువుకొని, అందులోని పాత్రలను తమ ఇంటి మనుషులుగా భావించుకొన్న నవల ఇది. అంతకు ముందు ఒక్క సినిమా అయినా తీయని వ్యక్తి దీనిని తెరకెక్కించాడు. నవలలోని సంఘటనలలో చాలా భాగాన్ని విడిచిపెట్టాడు, కొన్నింటి వరుస మార్చాడు, కొన్నింటిని కొత్తగా అల్లాడు. అయినప్పటికీ నవలను ప్రేమించినవారు ఈ సినిమాను తమదిగానే స్వీకరించారు. మంచి నవలను సినిమాగా తీసేటప్పుడు దేనిని కాపాడుకోవాలి, దేనిని వదులుకోవచ్చు అన్న చర్చ వచ్చినప్పుడల్లా ఈ చిత్రం ప్రస్తావనకు రావడానికి ఇదే కారణం.

పేరు

'పథేర్' అనగా దారికి సంబంధించిన అని అర్థం. 'పాంచాలీ' అనేది బెంగాల్‌లో ప్రచారంలో ఉన్న ఒక కథాగాన ప్రక్రియ. తెలుగువారికి ఈ మాట వినగానే ద్రౌపది స్ఫురించడం సహజమే గాని, ఇక్కడ ఆమెతో సంబంధం లేదు. 'బాట పాట' అని చెప్పుకుంటే మూలానికి దగ్గరగా ఉంటుంది.

మూల నవల

ఈ నవల మొదట 'విచిత్ర' అనే పత్రికలో ధారావాహికగా వెలువడి, 1929లో పుస్తకరూపం దాల్చింది. విభూతిభూషణ్ తండ్రి మహానంద సంస్కృత పండితుడు, పురాణాలు చెప్పి జీవించిన వ్యక్తి. నవలలో పౌరోహిత్యం చేసుకుంటూ, ఎప్పటికైనా నాటకాలు వ్రాసి పేరు తెచ్చుకోవాలని కలలు కనే హరిహర్ రాయ్ పాత్రలో ఆ తండ్రి నీడ కనిపిస్తుంది. రచయిత పుట్టి పెరిగిన పల్లెలే నవలలోని నిశ్చిందిపురానికి ఆధారం.

నవలలో మూడు భాగాలున్నాయి. మొదటిది 'బల్లాలీ బాలాయ్'. బల్లాల సేనుడు ప్రవేశపెట్టాడని చెప్పుకొనే కులీన వివాహాచారం వలన బ్రతుకు చెడిన ముసలి ఇందిర్ ఠాక్రూన్ కథ ఇది. రెండవది 'ఆమ్ ఆంటిర్ భేంపు', అంటే మామిడి టెంకను అరగదీసి పిల్లలు ఊదుకొనే బూర. దుర్గ, అపూ అనే అక్కాతమ్ముళ్ళ బాల్యం ఇందులో ఉంది. మూడవ భాగమైన 'అక్రూర సంవాదం'లో కుటుంబం కాశీకి తరలిపోయిన తరువాతి కథ నడుస్తుంది. పేరులోనే సూచన ఉంది. అక్రూరుడు వచ్చి కృష్ణుణ్ణి వ్రేపల్లె నుండి తీసుకుపోయినట్లు, అపూ కూడా తన పల్లెను వదలిపోతాడు.

కథ అని చెప్పుకోదగిన బిగువైన అల్లిక ఈ నవలలో లేదు. ఒక ఎండాకాలపు మధ్యాహ్నం, ఒక దొంగిలించిన జామకాయ, ఒక గాలివాన, తండ్రి ఊరి నుండి ఎప్పుడు వస్తాడా అనే ఎదురుచూపు, ఇలా సాగుతుంది. చెట్ల పేర్లు, తీగల పేర్లు, పిచ్చి మొక్కల పూలు పుట పుటనా కనిపిస్తాయి. చదివేవారికి ఇదే దీని ఆకర్షణ. సినిమా తీసేవారికి ఇదే పెద్ద చిక్కు.

సినిమా కథ

పేద బ్రాహ్మణుడు హరిహర్, అతని భార్య సర్వజయ, కూతురు దుర్గ, దూరపు వరసకు అక్క అయిన ముసలి ఇందిర్ ఠాక్రూన్ నిశ్చిందిపురంలో ఒక శిథిలమైన ఇంటిలో ఉంటారు. ఆ ఇంటి పండ్లతోట బాకీ క్రింద పొరుగువారి పాలైంది. అదే తోటలో దుర్గ పండ్లు ఏరి మేనత్తకు తెచ్చి ఇస్తూ ఉంటుంది. ఆ దొంగతనానికి వచ్చే నిందలను మోయవలసినది సర్వజయ. దుర్గ తరువాత అపూ పుడతాడు. ముసలమ్మకూ సర్వజయకూ పొసగదు. చివరకు ఇందిర్ ఠాక్రూన్ దిక్కులేకుండా వెదురు తోపులో కన్నుమూస్తుంది. హరిహర్ సంపాదన కోసం ఊరు విడిచి వెళ్ళి నెలల తరబడి తిరిగి రాడు. తొలకరి వానలో తడిసిన దుర్గ జ్వరంతో మరణిస్తుంది. కూతురికి చీర కొనుక్కొని తిరిగివచ్చిన హరిహర్‌కు అప్పుడుగాని సంగతి తెలియదు. మిగిలిన ముగ్గురూ ఎడ్లబండి మీద ఊరు విడిచి కాశీకి బయలుదేరుతారు.

తెరకు ఎక్కిన తీరు

రాయ్ కలకత్తాలో డి.జె.కీమర్ అనే ప్రకటనల సంస్థలో చిత్రకారుడిగా పనిచేసేవాడు. 1940వ దశకం నడుమ సిగ్నెట్ ప్రెస్ అధిపతి డి.కె.గుప్తా ఈ నవలను పిల్లల కోసం సంక్షిప్తం చేయించి 'ఆమ్ ఆంటిర్ భేంపు' పేరుతో ప్రచురించినప్పుడు, బొమ్మలు వేసే పని రాయ్‌కు అప్పగించాడు. ఇది మంచి సినిమా అవుతుందన్న మాట మొదట అన్నది గుప్తాయే. బొమ్మలు గీయడానికి పుస్తకంలో ఏ ఘట్టం కంటికి కనబడుతుంది, ఏది కనబడదు అని వెదకవలసి వస్తుంది. రాయ్ ఈ నవలను మొదటి నుండి ఆ దృష్టితో చదివాడన్నది గమనించదగినది. పుస్తకానికి వేసిన బొమ్మలలోని కొన్ని ఘట్టాలు తరువాత సినిమాలోనూ కనిపిస్తాయి.

1949లో ఫ్రెంచి దర్శకుడు జా రెన్వా 'ది రివర్' చిత్రం కోసం బెంగాల్ వచ్చినప్పుడు రాయ్ అతనికి తోడుగా పల్లెలు తిరిగాడు. మరుసటి సంవత్సరం సంస్థ పని మీద లండన్ వెళ్ళి అక్కడ దాదాపు వంద సినిమాలు చూశాడు. వాటిలో విట్టోరియో డి సికా తీసిన 'బైసికిల్ థీవ్స్' అతని సందేహాలను తీర్చింది. పేరున్న తారలు, స్టూడియో సెట్లు లేకుండా వీధిలో, మామూలు మనుషులతో సినిమా తీయవచ్చునని రుజువైంది. తిరుగు ప్రయాణంలో ఓడలోనే చిత్రానువాదపు పని మొదలుపెట్టాడు.

విభూతిభూషణ్ 1950 నవంబరు 1న మరణించాడు. అతని భార్య రమా బందోపాధ్యాయ అనుమతి ఇచ్చింది. రాయ్ తాత ఉపేంద్రకిషోర్, తండ్రి సుకుమార్ రాయ్ బెంగాలీ పిల్లలందరికీ తెలిసిన రచయితలు. వారి మీద గల గౌరవం ఆమె నిర్ణయానికి తోడ్పడింది.

ఈ చిత్రానికి మామూలు అర్థంలో స్క్రిప్టు లేదు. రాయ్ దగ్గర ఉన్నది ఒక కథాసంగ్రహం, సిరాతో గీసిన బొమ్మల పుస్తకం. సంభాషణలు అధిక భాగం నవలలోనివే. విభూతిభూషణ్ వ్రాసిన మాటలు ఏ మనిషి నోట ఆ మనిషికి అతికినట్లు ఉంటాయని, వాటిని మార్చవలసిన పని లేకపోయిందని రాయ్ తరువాత వ్రాసిన వ్యాసాలలో అభిప్రాయపడ్డాడు. నవలలోని తీరిక నడకను కొంతవరకు ఉద్దేశపూర్వకంగానే ఉంచుకొన్నానని, పేద పల్లెలో జీవితం అలాగే సాగుతుంది గనుక ఆ నడకను తీసివేస్తే నిజం పోతుందని కూడా అతను వివరించాడు.

ఏది పోయింది, ఏది మారింది

నవలలోని మూడవ భాగాన్ని రాయ్ పూర్తిగా వదిలివేశాడు. ఊరు విడవడంతో సినిమా ముగుస్తుంది. కాశీ జీవితం 1956లో వచ్చిన 'అపరాజితో' చిత్రంలో మొదటి భాగమైంది. పల్లెలోని లెక్కలేనన్ని చిన్న పాత్రలు కూడా పోయాయి.

ముఖ్యమైన మార్పు ఇందిర్ ఠాక్రూన్‌ది. నవలలో ఆమె మొదటి భాగంలోనే మరణిస్తుంది. అప్పటికి అపూ పసికందు. సినిమాలో ఆమె సగానికి పైగా కథ నడిచేవరకు బ్రతికే ఉంటుంది. అందుచేత అపూ ఆమెను ఎరుగుదును, ఆమె చెప్పే కథలు విన్నాడు, ఆమె శవాన్ని చూశాడు. నవలలో వెళ్ళగొట్టబడిన ముసలమ్మ పరాయివారి పంచన ప్రాణం విడుస్తుంది. సినిమాలో పిల్లలిద్దరూ వెదురు తోపులో మోకాళ్ళ మీద తల పెట్టుకొని కూర్చున్న మేనత్తను చూసి, నిద్రపోతున్నదనుకొని, దుర్గ నవ్వుతూ కదిలిస్తుంది. ఆమె ఒరిగిపోతుంది. చేతి చెంబు దొర్లి నీటిలో పడుతుంది. పిల్లలకు మరణంతో తొలి పరిచయం ఇదే.

రైలు ఘట్టం ఇంకా చెప్పుకోదగినది. నవలలో తప్పిపోయిన దూడను వెదుకుతూ బయలుదేరిన అక్కాతమ్ముళ్ళు రైలుదారి చూడాలని పరుగెత్తి, దారి తప్పి, రైలును చూడకుండానే ఇంటికి చేరతారు. జ్వరంలో ఉన్న దుర్గ తనకు నయమైతే రైలు చూపించమని తమ్ముణ్ణి అడుగుతుంది. ఆ కోరిక తీరదు. కుటుంబం ఊరు వదలి కాశీకి పోయే రోజున అపూ రైలు ఎక్కుతాడు. ఎక్కినప్పుడు అతని మనసులో అక్క మెదులుతుంది. నవల చదివినవారిలో ఈ పుటల వద్ద కళ్ళు చెమర్చనివారు అరుదు.

రాయ్ దీనిని తిరగవేశాడు. సినిమాలో రైలు వస్తుంది. తెల్లని రెల్లు పూల చేనులో పిల్లలు చెరకు గడ నములుతూ, కరెంటు స్తంభానికి చెవి ఆనించి హోరు వింటూ ఉండగా దూరాన నల్లని పొగ కనబడుతుంది. ఇద్దరూ పరుగెడతారు. దుర్గ తట్టుకొని పడిపోతుంది. అపూ పట్టాల దాకా చేరతాడు. అప్పుడు కెమేరా పట్టాలకు అవతలి వైపు నుండి చూస్తుంది. కదిలే చక్రాల సందులలో నుండి అపూ కాళ్ళు మనకు కనబడతాయి. ఇక్కడ నుండి ఇంటికి తిరిగివచ్చే దారిలోనే పిల్లలు ఇందిర్ ఠాక్రూన్‌ను చూస్తారు. నవలలో ఏళ్ళ దూరంలో ఉన్న రెండు సంగతులను ఒకే మధ్యాహ్నంలోకి తెచ్చి ప్రక్కప్రక్కన నిలబెట్టడం రాయ్ చేసిన పని. ఒక అద్భుతాన్ని చూసిన కళ్ళతోనే పిల్లలు చావును చూస్తారు. 'నయమైతే రైలు చూద్దాం' అనే కోరిక సినిమాలోనూ ఉంది. దుర్గ దగ్గరగా చూడలేదు గదా అని ప్రేక్షకుడికి అక్కడ గుర్తుకు వస్తుంది. నవలలో కలిగే నొప్పే వేరొక దారిన వస్తుంది.

దొంగిలించిన వస్తువు విషయంలో కూడా ఇటువంటి మార్పే జరిగింది. దుర్గ పోయిన తరువాత, నవలలోని అపూకు ఇంటిలో ఒక కుండలో దాచిన చిన్న బంగారు కుంకుమ భరిణె దొరుకుతుంది. అక్క మీద వేసిన నింద నిజమేనని అర్థమై, దానిని వెదురు పొదల్లోకి విసిరివేస్తాడు. సినిమాలో అది పూసల దండ. విసిరేది నాచు పట్టిన చెరువులోకి. దండ మునిగిన చోట నాచు మెల్లగా విడిపోయి, మరల మెల్లగా కమ్ముకుంటుంది. ఒక్క మాట లేదు. నవలలో రచయిత వివరించే చోట సినిమా నీటిని చూపి ఊరుకుంటుంది. నవలను ఎరిగినవారికి ఇది మూలం కన్న తక్కువగా తోచదు.

ఇవన్నీ చెప్పినా, నవలలో మాత్రమే దొరికేవి కొన్ని ఉన్నాయన్నది మరువరానిది. ఒంటరిగా ఉన్నప్పుడు అపూ తలలో నడిచే కురుక్షేత్రాలు, కర్ణుడి పట్ల అతనికి కలిగే జాలి, చెట్టుచేమలతో రచయితకు గల చుట్టరికం, వీటికి తెర మీద తావు చాలలేదు. నవలలో అపూ ప్రధానం కాగా, సినిమాలో దుర్గ, సర్వజయ ఎక్కువ చోటు ఆక్రమిస్తారు. సినిమా చూసి నవల చేతబట్టినవారికి తెలియని ఊరికి పోయినట్లు ఉండదు గాని, చూడని వీధులు చాలా కనబడతాయి.

చిత్రీకరణ

నిర్మాతలెవ్వరూ ముందుకు రాలేదు. పాటలు లేవు, పేరున్న నాయకుడు లేడు, ఎనభై ఏళ్ళ ముసలమ్మ ముఖ్యపాత్ర. రాయ్ తన బీమా పాలసీ మీద అప్పు తెచ్చి 1952 అక్టోబరు 27న పని ప్రారంభించాడు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర అప్పటికి ఇరవై ఏళ్ళు దాటిన యువకుడు. సినిమా కెమేరాను అతను అంతకు ముందు నడిపి ఎరుగడు. ఉద్యోగం మానలేదు గనుక చిత్రీకరణ ఆదివారాలలో, సెలవులలో మాత్రమే జరిగేది.

మొదటి రోజున పాల్సిట్ దగ్గర రెల్లు చేనులో పిల్లల ఘట్టం సగం తీశారు. అపూ నడకలో తడబాటు రావడానికి దారిలో పుల్లలు పరచి, పూల చాటున మనుషులను నిలిపి పేరు పెట్టి పిలిపించారు. మరుసటి ఆదివారం తిరిగి వెళ్ళి చూసేసరికి పూలు లేవు. పశువులు మేసివేశాయి. మిగిలిన సగం తీయడానికి మరల పూత వచ్చే ఏడు వరకు ఆగవలసి వచ్చింది. రైలు ఒకటే అనిపించినా అది ఒక రైలు కాదు. వేరువేరు వేళల్లో వచ్చిన రైళ్ళను తీసి అతికారు. తెల్లని పూల వెనుక నల్లని పొగ కావాలి గనుక, బృందంలోని అనిల్ చౌధురి ఇంజను ఎక్కి సమయానికి బొగ్గు వేయించాడు.

పల్లె దృశ్యాలను కలకత్తాకు దగ్గరలోని బోరాల్ గ్రామంలో తీశారు. డబ్బు అయిపోయినప్పుడు రాయ్ తన గ్రామఫోన్ రికార్డులు అమ్మాడు, భార్య విజయ నగలు తాకట్టుకు వెళ్ళాయి. అయినా పని నెలల తరబడి నిలిచిపోయింది. ఈ విరామాల వలన వచ్చిన ఇబ్బందులను పిల్లల కోసం వ్రాసిన ఒక పుస్తకంలో రాయ్ హాస్యంగా చెప్పుకొన్నాడు. అపూకు తల్లి అన్నం తినిపిస్తుండగా కుక్కకు మెతుకులు వేసే ఘట్టాన్ని కొంత తీసి ఆపారు. తిరిగి మొదలుపెట్టేనాటికి కుక్క చనిపోయింది. అటువంటి పోలికలే ఉన్న మరొక కుక్కను వెదికి తెచ్చారు. మిఠాయిలమ్మే చినిబాస్ పాత్రధారి కూడా నడుమనే మరణించగా, అంతే లావుపాటి మరొక మనిషిని పెట్టి వెనుక నుండి తీశారు. సినిమాలో ఎక్కడ ఒకరు పోయి మరొకరు వచ్చారో చూసేవారు పట్టుకోలేరు.

వానలో పిల్లలు తడిసే ఘట్టానిది మరొక కథ. వానాకాలంలో డబ్బు లేదు. డబ్బు వచ్చేసరికి వానాకాలం వెళ్ళిపోయింది. శరదృతువులో రోజూ పిల్లలను వెంటబెట్టుకొని మబ్బు కోసం కాచుకొని ఒకనాడు దొరికిన వానలో తీశారు. దుర్గ కొంగు క్రింద అపూ వణకడం నటన కాదు. ఆ తరువాత పిల్లలకు వేడి పాలలో కొద్దిగా బ్రాందీ కలిపి ఇచ్చారు.

ఇన్నేళ్ళ పనిలో మూడు అద్భుతాలు జరిగాయని రాయ్ అనేవాడు: అపూ గొంతు మారలేదు, దుర్గ పెద్దది కాలేదు, ఇందిర్ ఠాక్రూన్ చనిపోలేదు.

నటీనటులు

హరిహర్‌గా కాను బెనర్జీ, సర్వజయగా కరుణా బెనర్జీ, అపూగా సుబీర్ బెనర్జీ, దుర్గగా ఉమా దాస్‌గుప్తా నటించారు. పచారీ కొట్టు నడుపుతూ పాఠాలు చెప్పే పంతులుగా ప్రసిద్ధ హాస్యనటుడు తులసీ చక్రవర్తి కనిపిస్తాడు. అపూ పాత్ర కోసం పత్రికలో ప్రకటన ఇచ్చినా తగిన పిల్లవాడు దొరకలేదు. ప్రక్క ఇంటి డాబా మీద ఆడుకుంటున్న సుబీర్‌ను విజయా రాయ్ చూసి చూపించింది. ఉమా దాస్‌గుప్తా తరువాత సినిమాల జోలికి పోకుండా ఉపాధ్యాయురాలిగా పనిచేసింది. ఆమె 2024 నవంబరులో మరణించింది.

ఇందిర్ ఠాక్రూన్‌గా నటించిన చునీబాలా దేవి పూర్వం నాటకాలలో, మూకీ చిత్రాలలో నటించి, తరువాత మరుగున పడిపోయిన నటి. ముడుతలు పడిన చర్మం, వంగిన నడుము, బోసి నోరు నవలలో వర్ణించినట్లే ఉన్నాయి. సంభాషణలు మరచిపోయేది కాదు. రోజుకు 20 రూపాయల పారితోషికం. తన పాత్రను పాడె మీద మోసుకుపోయే ఘట్టంలో ఆమె స్వయంగా పడుకొన్నది. సినిమా విడుదల కాకముందే, 1955లో ఆమె మరణించింది.

ప్రభుత్వ ధనం, ముగింపు గొడవ

పని నిలిచిపోయిన దశలో, రాయ్ తల్లి పరిచయస్థుల ద్వారా విషయం ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ దృష్టికి వెళ్ళింది. ప్రభుత్వం డబ్బు ఇవ్వడానికి ఒప్పుకొంది. సినిమా తీయడానికి ప్రభుత్వంలో వేరుగా పద్దు లేదు. పేరులో 'దారి' ఉన్నందువలన కాబోలు, ఖర్చు రోడ్ల అభివృద్ధి పద్దు క్రింద వ్రాశారు. వాయిదాల పద్ధతిలో సొమ్ము అందింది. మొత్తం ఖర్చు సుమారు లక్షన్నర రూపాయలు. హక్కులు ప్రభుత్వానివే అయ్యాయి.

ఇక్కడే ఒక పేచీ వచ్చింది. పల్లెసీమల అభివృద్ధిని చూపే చిత్రమని కొందరు అధికారులు అనుకొన్నారు. కుటుంబం ఊరు వదలిపోవడం వారికి రుచించలేదు. గ్రామాభివృద్ధి పథకం వలన ఊరు బాగుపడినట్లు చూపితే బాగుంటుందన్న సూచన ముఖ్యమంత్రి వరకు వెళ్ళింది. రాయ్ ఒప్పుకోలేదు. అందరికీ తెలిసిన నవల కావడం అతనికి కలిసివచ్చింది. అంతవరకు నవలలో ఎన్నో మార్చిన దర్శకుడు, ముగింపు దగ్గర మాత్రం నవలను అడ్డు పెట్టుకొని నిలబడ్డాడు. ఈ ఒక్క చోట మెత్తబడి ఉంటే సినిమా మిగిలేది కాదు.

సంగీతం

రవిశంకర్ కచేరీల నడుమ తీరిక చేసుకొని, సినిమాలో కొంత భాగం మాత్రమే చూసి, సుమారు 11 గంటల పాటు సాగిన ఒకే విడతలో సంగీతమంతా రికార్డు చేయించాడు. అయినా కొన్ని ఘట్టాలకు సంగీతం చాలలేదు. మిఠాయివాడి వెంట పిల్లలు, వారి వెంట కుక్క నడుస్తూ చెరువులో తలక్రిందుగా కనబడే దృశ్యానికి వినబడే సితారు ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర వాయించినది.

కూతురు లేదన్న సంగతి భర్తకు చెప్పలేక సర్వజయ ఏడ్చే ఘట్టంలో ఆమె గొంతు వినబడదు. దాని స్థానంలో దక్షిణామోహన్ ఠాగూర్ వాయించిన తార్ షెహనాయి పటదీప్ రాగంలో పై స్థాయిలో వినిపిస్తుంది. కరుణా బెనర్జీ ఆ ఘట్టంలో నిజంగానే ఏడ్చింది. తల్లి ఏడుపును ఎన్ని మాటలతో వర్ణించవచ్చునో నవలాకారుడికి తెలుసు. సినిమాలో గొంతును తీసివేయడం వలన అది ఎవరి ఏడుపైనా కావచ్చుననిపిస్తుంది.

విడుదల, ఆదరణ

న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం నుండి మన్రో వీలర్ 1954లో కలకత్తా వచ్చి, కొన్ని ఛాయాచిత్రాలు చూసి, తమ వద్ద జరుగనున్న భారతీయ కళా ప్రదర్శనలో ఈ సినిమాను వేయాలని కోరాడు. తరువాత అమెరికన్ దర్శకుడు జాన్ హ్యూస్టన్ పూర్తికాని భాగాన్ని చూసి మెచ్చుకొన్నాడు. చివరి రోజులలో రాత్రింబవళ్ళు కూర్పు చేసి, ఇంగ్లీషు మాటలు క్రింద వేయడానికి కూడా వ్యవధి లేక, ప్రతిని విమానంలో పంపారు. 1955 మే 3న అక్కడ తొలి ప్రదర్శన జరిగింది.

కలకత్తాలో 1955 ఆగష్టు 26న విడుదలైంది. మొదటి రోజులలో జనం పలచగా ఉన్నా, చూసినవారు చెప్పగా హాలు నిండడం మొదలైంది. ముందే కుదిరిన మరొక చిత్రం కోసం హాలు ఖాళీ చేయవలసి రాగా, వేరొక హాలులో మరల కొన్ని వారాలు ఆడింది. ఆ ఏటి ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం లభించింది. 1956లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ మానవీయ పత్రంగా బహుమతి పొందింది. 1958లో న్యూయార్క్‌లోని ఒక చిన్న హాలులో విడుదలై నెలల తరబడి ఆడింది.

అందరూ మెచ్చలేదు. హాలీవుడ్‌లో ఇది తొలి కూర్పుగా కూడా చెల్లదని న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు బాస్లీ క్రౌథర్ ఆక్షేపించాడు. 1980లో రాజ్యసభ సభ్యురాలిగా ఉన్న నటి నర్గిస్, రాయ్ సినిమాలు దేశపు పేదరికాన్ని విదేశాలకు ఎగుమతి చేస్తున్నాయని విమర్శించడం పెద్ద చర్చకు దారితీసింది. నవల చదివినవారికి ఈ విమర్శ వింతగా తోచక మానదు. హరిహర్ ఇంటి దారిద్ర్యం విదేశీయులకు చూపడానికి కల్పించినది కాదు. దాదాపు పాతికేళ్ళ ముందే బెంగాలీ పాఠకులు తమ భాషలో దానిని చదువుకొన్నారు.

నవలపై సినిమా ప్రభావం

సినిమా ప్రసిద్ధి పొందిన తరువాత నవలను చదివే తీరే మారింది. టి.డబ్ల్యు.క్లార్క్, తారాపద ముఖర్జీ 1968లో వెలువరించిన ఇంగ్లీషు అనువాదం సినిమా మాదిరిగానే కుటుంబం ఊరు విడవడంతో ఆగిపోతుంది. 'అక్రూర సంవాదం' అందులో లేదు. మూల రచయిత వ్రాసిన ముగింపును కాదని దర్శకుడు ఎంచుకొన్న ముగింపును అనువాదకులు స్వీకరించడం అరుదైన సంగతి. ఆ అనువాదం మాత్రమే చదివినవారు కాశీలో అపూ తండ్రిని పోగొట్టుకోవడం, నిశ్చిందిపురానికి తిరిగి పోవాలని తపించడం నవలలోనే ఉన్నాయని ఎరుగరు.

తెలుగులో

బెంగాలీ నవలలను అనువాదంలో చదవడం తెలుగువారికి కొత్త కాదు. శరత్ రచనలు చక్రపాణి మొదలైనవారి అనువాదాలతో ఇంటింటికీ చేరాయి. శరత్ 'దేవదాసు' 1953లో తెలుగు సినిమాగా వచ్చినప్పుడు కథ ప్రేక్షకులకు ముందే తెలుసు. విభూతిభూషణ్ నవలను మద్దిపట్ల సూరి 'పథేర్ పాంచాలీ' పేరుతోనే తెలుగులోకి అనువదించాడు. శరత్ పాత్రలకు పట్టిన ప్రాచుర్యం అపూ, దుర్గలకు తెలుగునాట పట్టలేదు. తెలుగు పాఠకులలో చాలామంది ముందు సినిమా గురించి విని, ఆ తరువాత నవలకు వచ్చినవారే. రెండింటినీ తెలుసుకోదలచిన విద్యార్థులు అనువాదంలో మూడవ భాగం వరకు చదివి, 'అపరాజితో' కూడా చూడడం మంచిది.

మూలప్రతి

1993 జూలైలో లండన్‌లోని ఒక ఫిల్మ్ లేబొరేటరీలో జరిగిన అగ్నిప్రమాదంలో రాయ్ చిత్రాల నెగటివులు కాలిపోయాయి. వాటిలో ఇదీ ఒకటి. అప్పటికి రాయ్ మరణించి ఏడాది దాటింది. కాలి, పెళుసెక్కి, అంటుకుపోయిన రీళ్ళను పారవేయకుండా అమెరికాలోని అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ భద్రపరచింది. చాలా ఏళ్ళ తరువాత క్రైటీరియన్ సంస్థ పూనుకొనగా, ఇటలీలోని బొలోన్యా నగరపు నిపుణులు వాటిని రసాయనాలతో మెత్తబరచి, చుట్టు చుట్టు విడదీసి, అంచులను చేత్తో అతికి బాగుచేశారు. పథేర్ పాంచాలీ నెగటివులో సుమారు 40 శాతం ఈ విధంగా దక్కింది. మిగిలిన భాగాన్ని ఇతర ప్రతుల నుండి పూరించారు. ఈ ప్రతిని 2015 మేలో న్యూయార్క్‌లో, 60 ఏళ్ళ క్రితం మొదటిసారి ప్రదర్శించిన ఆ మ్యూజియంలోనే మరల ప్రదర్శించారు.